ఇంటి పెద్ద పోయాక విల్లు మీద తగాదా వస్తే: తిరుపతి, చిత్తూరు కుటుంబాలు వరసగా చేయాల్సిన పనులు

"విల్లు రిజిస్టర్ అయింది కదా సార్, ఇంక దాన్ని ఎవరూ కదిలించలేరు కదా?"

తిరుపతిలో ఒక సివిల్ వకీలు దగ్గర ఇరవై రెండేళ్లు గుమాస్తాగా పనిచేశాను. ఎక్కువసార్లు విన్న ప్రశ్న ఇదే. అవతలి పక్షం వాళ్లు వచ్చి, "అది రిజిస్టర్ కాని కాగితం, చెల్లదు కదా?" అంటారు. రెండు నమ్మకాలూ తప్పే. విల్లుకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. స్టాంపు కాగితం కూడా అక్కర్లేదు, తెల్లకాగితం మీద రాసినా చెల్లుతుంది. కానీ రిజిస్టరైన విల్లు కూడా కోర్టులో రుజువు కాకపోతే పడిపోతుంది. దాన్ని నిలబెట్టేది, పడగొట్టేది సాక్షి సంతకం పెట్టిన మనిషి బోనెక్కి చెప్పే నాలుగు మాటలు. ఆ సాక్షి దాకా వెళ్లడానికి ముందు, వెళ్లిన తర్వాత ఏం చేయాలో నేను చూసినంత మేర రాస్తున్నాను.

మొదటి పని: కర్మాంతరం అయ్యేదాకా ఎక్కడా సంతకం పెట్టకండి

దినాల్లో ఇల్లంతా చుట్టాలే. ఎవరో ఒకరు కాగితాలు తెస్తారు. "బ్యాంకు పని కోసం", "పెన్షన్ కోసం", "పాస్‌బుక్కులో పేరు మార్చడానికి" అంటారు. ఏడుస్తూ ఉన్న ఆడబిడ్డ చదవకుండానే సంతకం పెట్టేస్తుంది. ఆరు నెలల తర్వాత అది హక్కు విడుదల పత్రమనో, అభ్యంతరం లేదన్న అఫిడవిట్ అనో తెలుస్తుంది. ఇలాంటి కాగితం పట్టుకుని మా ఆఫీసుకు వచ్చిన అక్కచెల్లెళ్లను చాలామందిని చూశాను. చదివి, ఫోన్లో ఫోటో తీసుకుని, రెండు రోజులు ఆగి సంతకం పెడతానంటే ఏ నిజమైన పనీ ఆగిపోదు. తెల్లకాగితం మీద మాత్రం తోడబుట్టినవాడు అడిగినా పెట్టొద్దు.

ఈ రోజుల్లో చేయాల్సినవి రెండే. ఒకటి మరణ ధృవీకరణ పత్రం. మరణాన్ని 21 రోజుల్లోపు నమోదు చేయిస్తే ఇబ్బంది ఉండదు. సర్టిఫికెట్ కాపీలు ఓ పది తీసిపెట్టుకోండి, అడగని ఆఫీసు ఉండదు. రెండోది ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్. సచివాలయంలో అర్జీ పెడితే తహసీల్దారు కార్యాలయం నుంచి వస్తుంది. అందులో అందరి పేర్లూ ఉన్నాయా అన్నది మీరే చూసుకోవాలి. పెళ్లై బెంగళూరులోనో చెన్నైలోనో ఉన్న కూతురి పేరు, చనిపోయిన కొడుకు పిల్లల పేర్లు జారిపోవడం మామూలు. జారిపోతే వెంటనే తహసీల్దారుకు రాతపూర్వకంగా ఇచ్చి, ముద్ర వేసిన రసీదు తీసుకోండి. ఈ సర్టిఫికెట్ ఆస్తి హక్కు ఇవ్వదు, ఎవరు ఎవరికి ఏమవుతారో చెబుతుంది, అంతే. అయినా తర్వాతి కాగితాలన్నీ దీని మీదే కూర్చుంటాయి.

రెండో పని: ఆయన రాయగలిగింది ఎంత?

విల్లు చెల్లుతుందా అని వాదించే ముందు, అందులో రాసిన ఆస్తి ఆయనదేనా అన్నది తేల్చుకోవాలి. ఎవరైనా తనదాన్నే రాయగలరు. స్వామివారి పేరున రాసినా అంతే, తనది కానిది రాయలేరు. సగం కేసులు ఇక్కడే తేలిపోతాయని నా నమ్మకం.

స్వార్జితమైతే ఎవరికైనా రాయొచ్చు. కొడుకుని పక్కనపెట్టి కూతురికి రాసినా, ఇద్దరినీ కాదని మేనల్లుడికి రాసినా చట్టం అడ్డు చెప్పదు. పిత్రార్జితమైతే తన వాటా వరకే. ఒక లెక్క చూడండి. చిత్తూరు పక్కన నాలుగెకరాల మామిడి తోట పిత్రార్జితం. నాయన, అమ్మ, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు. తోటలో పుట్టుకతో హక్కున్నవాళ్లు నాయన, ఇద్దరు కొడుకులు, కూతురు. తలా ఎకరా. నాయన నాలుగెకరాలకూ విల్లు రాసినా అది పనిచేసేది ఆ ఒక్క ఎకరాకే. విల్లు లేకపోతే ఆ ఎకరా అమ్మకు, ముగ్గురు పిల్లలకు తలా పాతిక సెంట్లుగా పోతుంది. అంటే కూతురికి మొత్తం ఎకరా పాతిక సెంట్లు.

"పసుపు కుంకుమ కింద పెళ్లప్పుడే ఇచ్చేశాం కదా, ఇంకేం వాటా?" అనే మాట మన పల్లెల్లో ఇప్పటికీ గట్టిగానే వినిపిస్తుంది. పెళ్లికి ఇచ్చింది వేరు, పుట్టుకతో వచ్చింది వేరు. మన రాష్ట్రం 1985లోనే కూతుళ్లకు ఈ హక్కు ఇచ్చింది, అయితే అప్పటికే పెళ్లైనవాళ్లను వదిలేసింది. దేశమంతటికీ వర్తించేలా 2005 సెప్టెంబరు 9 నుంచి వచ్చిన సవరణ ఆ తేడా చెరిపేసింది. ఆ తేదీకి తండ్రి బతికి ఉండాల్సిన పనిలేదని 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఒక మినహాయింపు ఉంది: 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరు దస్తావేజుతోనో, కోర్టు డిక్రీతోనో భాగపరిష్కారం జరిగిపోయి ఉంటే దాన్ని తిరగదోడలేరు.

ఇక్కడే చాలామంది పొరబడే సంగతి ఇంకొకటి. తాత నుంచి వచ్చిందల్లా పిత్రార్జితం కాదు. తాత తన కష్టంతో కొన్న ఇల్లు, ఆయన 1956 తర్వాత విల్లు రాయకుండా పోయి, నాయనకు వారసుడిగా వచ్చిందనుకోండి. అది నాయన చేతిలో ఆయన సొంత ఆస్తి. 1986లో చందర్ సేన్ కేసు నుంచి సుప్రీంకోర్టు చెబుతున్నది ఇదే. అందుకే "తాతల ఆస్తి" అని దావా వేసే ముందు, ఎవరు ఎప్పుడు కొన్నారు, ఎప్పుడు పోయారు అన్నది పాత దస్తావేజులు చూసి ఒక కాగితం మీద వంశవృక్షం వేసి రాసుకోవాలి. వకీలు దగ్గరికి ఆ కాగితంతో వెళితే ఆయన పని సగం అయినట్టే.

స్వార్జితానికి విల్లే లేకపోతే భార్య, కొడుకులు, కూతుళ్లు, తల్లి సమాన వాటాదారులు. తల్లిని మరిచిపోతారు. కొడుకు పోయిన ఆ ముసలమ్మకు కోడలితో సమానంగా వాటా ఉందని ఆమెకే ఎవరూ చెప్పరు. ముస్లిం కుటుంబాల్లో లెక్క వేరు: మిగతా వారసులు ఒప్పుకోకుండా మూడో వంతుకు మించి విల్లు రాయలేరు, వారసుల్లో ఒకరికే రాసినా మిగతావాళ్ల అంగీకారం కావాలి. డీకేటీ పట్టా (ప్రభుత్వం పేదలకు ఇచ్చిన) భూమి అయితే దాని నిబంధనలే వేరు, పట్టా కాగితం తీసుకుని విడిగా సలహా అడగండి.

మూడో పని: విల్లు ఉందా, ఇదే చివరిదా?

"ఈసీ తీశాం సార్, విల్లేమీ కనపడలేదు" అంటారు. విల్లు ఈసీలో (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) కనపడదు. అమ్మకాలు, దానాలు, తాకట్లు ఒక పుస్తకంలో ఎక్కుతాయి, ఈసీ దాని నుంచి తీసేది. విల్లులు ఎక్కేది సబ్‌రిజిస్ట్రారు కార్యాలయంలోని మూడో నంబరు పుస్తకంలో. రాసినవారు బతికున్నంత కాలం దాని నకలు వాళ్లకు తప్ప ఎవరికీ ఇవ్వరు. పోయాక మరణ ధృవీకరణ పత్రం జతచేసి ఎవరు అడిగినా ఇవ్వాలి. విల్లును ఏ సబ్‌రిజిస్ట్రారు దగ్గరైనా రిజిస్టర్ చేయించవచ్చు కాబట్టి తిరుపతిలో లేదని ఆగిపోకండి. ఆయన ఉద్యోగం చేసిన ఊరు, కూతురి ఊరు, చంద్రగిరి, రేణిగుంట, చిత్తూరు కూడా వెతికించండి. కొందరు సీలు వేసిన కవరులో జిల్లా రిజిస్ట్రారు దగ్గర దాచిపెడతారు. అలా ఉందని అనుమానం ఉంటే తెరవమని అర్జీ పెట్టవచ్చు.

రెండు మూడు విల్లులు బయటపడితే చివరిదే చెల్లుతుంది. మొదటిది రిజిస్టరై, చివరిది కాకపోయినా సరే, చివరిది రుజువైతే అదే. దొరికిన కాగితం అసలు విల్లేనా అన్నదీ చూడాలి. మన దగ్గర దాన సెటిల్‌మెంటును కూడా విల్లు అనేస్తుంటారు. సెటిల్‌మెంటు రాసిన రోజే హక్కు మారుతుంది, రిజిస్ట్రేషన్ తప్పనిసరి. విల్లు పనిచేసేది మరణం తర్వాతే, బతికుండగా ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. పైన ఏ పేరు ఉందని కాదు, లోపల ఏం రాశారన్నది చూస్తారు.

నాలుగో పని: సాక్షుల్ని వెతికి పట్టుకోండి

ఇదే గుండెకాయ. భారత వారసత్వ చట్టం, 1925లోని 63వ సెక్షన్ ప్రకారం విల్లు రాసిన మనిషి సంతకం గానీ వేలిముద్ర గానీ వేయాలి. కనీసం ఇద్దరు సాక్షులు ఆ సంతకం చూసి గానీ, "ఇది నా సంతకమే" అని ఆయన చెప్పగా విని గానీ, ఆయన ఎదుటే తామూ సంతకం చేయాలి. ఇద్దరూ ఒకేసారి ఉండాల్సిన పనిలేదు. విల్లులో ఏముందో వాళ్లకు తెలియాల్సిన పనీ లేదు. కోర్టులో ఆ ఇద్దరిలో కనీసం ఒకరు వచ్చి చెప్పాలి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియంలో ఇది 67వ సెక్షన్, పాత చట్టంలో 68. వచ్చిన ఆ ఒక్కరు తన సంతకం గురించే చెబితే చాలదు, రెండో సాక్షి కూడా ఆయన ఎదుటే సంతకం చేశాడని చెప్పాలి. క్రాస్‌లో, అంటే అవతలి వకీలు అడిగే ప్రశ్నల్లో, ఈ ఒక్క మాట తప్పి పడిపోయిన విల్లులు ఉన్నాయి.

దస్తావేజు రాసిన లేఖరి సంతకాన్ని మూడో సాక్షిగా లెక్కేయకండి. ఆయన రాసినవాడిగా సంతకం పెట్టాడు, సాక్షిగా కాదు.

మా నాయన విల్లు సంగతి చెబుతాను. ఆయన తనకు గౌరవం ఉన్న ఇద్దరు పెద్దమనుషుల్ని సాక్షులుగా పెట్టుకున్నారు. ఇద్దరూ ఆయనకంటే పెద్దవాళ్లు, ఇద్దరూ ఆయనకంటే ముందే పోయారు. మా చిన్నాయన కొడుకులు విల్లును కాదన్నప్పుడు బోనెక్కడానికి మనిషి లేడు. చట్టం దీనికీ దారి పెట్టింది: సాక్షులెవరూ దొరకనప్పుడు ఒక సాక్షి చేతిరాత అతనిదేనని, రాసినవారి సంతకం వారిదేనని రుజువు చేస్తే సరిపోతుంది. ఒక సాక్షి గారి అబ్బాయి వచ్చి, తండ్రి పాత బ్యాంకు కాగితాలు తెచ్చి, "ఇది మా నాయన సంతకమే" అని చెప్పాడు. ఆ అబ్బాయి దయ దలచకపోతే మా నాయన మాట ఆ కాగితంలోనే చచ్చిపోయేది. అందుకే నన్ను ఎవరు విల్లు రాయించుకోవడం గురించి అడిగినా, సాక్షిగా పాతికేళ్ల కుర్రాణ్ణి పెట్టుకోమంటాను.

మీరు విల్లును నిలబెట్టే పక్షమైతే, మరణం తర్వాత మొదటి నెలలోనే సాక్షుల ఇళ్లకు వెళ్లండి. వాళ్లకు ఏం గుర్తుందో వినండి: ఎక్కడ రాశారు, ఎవరు ముందు సంతకం చేశారు, ఆరోజు ఆయన ఆరోగ్యం ఎలా ఉంది. వాళ్లకు మాటలు నేర్పించవద్దు, నేర్పిన సాక్ష్యం క్రాస్‌లో అరగంట నిలవదు. మీరు ఎదిరించే పక్షమైతే కూడా అదే ఇంటికి వెళ్లండి. సాక్షి నోటి నుంచే "నేను తర్వాత ఎప్పుడో సంతకం పెట్టాను, ఆయన అక్కడ లేరు" అన్న నిజం బయటికి వచ్చిన సందర్భాలు ఉన్నాయి.

అనుమానం ఉందంటే దేని మీద?

1958లో సుప్రీంకోర్టు ఇచ్చిన వెంకటాచల అయ్యంగార్ కేసు తీర్పు ఇప్పటికీ ప్రతి విల్లు కేసులోనూ చదువుతారు. అనుమానాస్పద పరిస్థితులు ఉంటే, విల్లు నిజమంటున్న పక్షమే వాటిని తొలగించాలి. ఎలాంటివి? ఆస్తి ఎవరికి దక్కిందో వాళ్లే లేఖరిని పిలిపించి, సాక్షుల్ని తెచ్చి, దగ్గరుండి రాయించడం. ఆస్పత్రిలో ఉండగా రాసినట్టు తేదీ ఉండటం. సంతకం వణికి, మిగతా కాగితాలతో పోలకపోవడం. సంతకానికి చోటు కోసం చివరి పంక్తులు ఇరికించి రాయడం. పోయిన నాలుగేళ్లకు, అదీ అవతలివాళ్లు దావా వేశాక విల్లు బయటికి రావడం. పక్కలో ఉండి సేవ చేసిన భార్య గురించి ఒక్క మాట కూడా లేకపోవడం.

ఒక్కటే ఉంటే విల్లు పడిపోదు. పిల్లల్లో ఒకరికి ఇవ్వకపోవడం అన్నది విల్లు రాయడంలోనే ఉంది, అందుకోసమే కదా విల్లు రాసేది. ఇలాంటివి నాలుగైదు కలిసి, వాటికి సమాధానం లేకపోతేనే జడ్జి నమ్మరు. కాబట్టి ఎదిరించేవాళ్లు కోపంతో కాక కాగితాలతో రావాలి: ఆస్పత్రి డిశ్చార్జి సమ్మరీ, మందుల చీటీలు, అదే ఏడాది బ్యాంకులో పెట్టిన సంతకాలు. సంతకం దొంగదని నమ్మకం ఉంటే నిపుణుడికి పంపమని కోర్టును అడగండి, పోల్చడానికి అదే కాలం నాటి సంతకాలు కావాలి. విల్లు ఫోర్జరీ చాలా పెద్ద నేరం, యావజ్జీవం దాకా శిక్ష ఉంది. అయితే సివిల్ దావా వేయకుండా పోలీస్ స్టేషన్ చుట్టూ తిరిగితే ఆస్తి చేతికి రాదు.

దావా తేలేలోపు ఆస్తి చేయి దాటకుండా

విల్లు చేతిలో ఉన్నవాళ్లు ముందు చేసేది మ్యుటేషన్ (రికార్డుల్లో పేరు మార్పు) అర్జీ. భూమి అయితే తహసీల్దారుకు, ఇల్లయితే నగరపాలక సంస్థకు లేదా పంచాయతీకి మీ అభ్యంతరం రాసివ్వండి. తగాదా ఉందని తెలిస్తే సివిల్ కోర్టులో తేల్చుకోమనే అవకాశం ఎక్కువ. ఒకవేళ పేరు మారిపోయినా గుండె జారిపోవద్దు. అడంగల్, వన్‌బీ లాంటి రెవెన్యూ రికార్డులు, ఇంటిపన్ను రసీదు హక్కు ఇవ్వవు. ప్రభుత్వ భూరికార్డుల వెబ్‌సైటు మీభూమిలో పేరు చూసి దావా మానుకున్నవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది.

అవతలివాళ్లు హఠాత్తుగా ఇంజంక్షన్ (కోర్టు నిలుపుదల ఆర్డరు) తెచ్చుకుంటారని భయం ఉంటే కేవియట్ వేయండి. 90 రోజులు పనిచేస్తుంది, ఆ లోపు మీకు చెప్పకుండా ఆర్డరు ఇవ్వరు. మీరే దావా వేస్తే, దానితోపాటు అమ్మకుండా, తాకట్టు పెట్టకుండా తాత్కాలిక ఇంజంక్షన్ అర్జీ కూడా పడాలి. దావా నడుస్తుండగా కొన్నవాడు కోర్టు తీర్పుకు కట్టుబడాల్సిందే, కానీ ఆ మూడో మనిషితో మళ్లీ పోరాటం ఎందుకు?

దావా వేసేటప్పుడు

మన ప్రాంతంలోని ఆస్తికి ప్రొబేట్ (విల్లు నిజమైనదేనని కోర్టు ఇచ్చే ధృవీకరణ) తెచ్చుకోవడం తప్పనిసరి కాదు. విల్లును మామూలు సివిల్ దావాలోనే రుజువు చేయొచ్చు. చెన్నై నగరంలో ఇల్లు గానీ స్థలం గానీ ఉంటే మాత్రం, అక్కడ చాలా ఏళ్లు ప్రొబేట్ తప్పనిసరిగా ఉండేది, కాబట్టి ఇప్పటి స్థితి అక్కడి వకీలును అడగాలి. మన జిల్లాల్లో చెన్నై సంబంధాలు లేని కుటుంబం తక్కువ.

వాటా కావాలంటే భాగపరిష్కార దావా. ఆస్తి ఉన్న చోటి కోర్టులో వేయాలి. తిరుపతిలో 60 అంకణాల ఇల్లు, శ్రీకాళహస్తి దగ్గర పొలం ఉంటే రెండింటికీ కలిపి ఏదో ఒక చోట వేయొచ్చు. వారసులందరినీ, ఆస్తులన్నిటినీ చేర్చండి. ఒక చెల్లెల్ని వదిలేసినా, ఒక సర్వే నంబరు మరిచినా అదే సాకుగా ఏళ్లు సాగుతుంది. ఆస్తి ఇంకా ఉమ్మడి స్వాధీనంలో ఉంటే కోర్టు ఫీజు తక్కువే. మిమ్మల్ని పూర్తిగా బయటికి తోసేస్తే వాటా విలువను బట్టి కట్టాలి. గడువు విషయం: "నీకు వాటా లేదు" అని తోసేసిన సంగతి తెలిసిన నాటి నుంచి 12 ఏళ్లు. ఫలానా పత్రం చెల్లదని డిక్లరేషన్ కావాలంటే 3 ఏళ్లే. అందుకే ఎప్పుడు తెలిసిందన్నది ఫోన్ మెసేజీ అయినా సరే దాచిపెట్టుకోండి.

ఫీజుకు డబ్బులేదని ఆగకండి. ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. చిత్తూరులో జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కి ఫోన్ చేయండి.

బ్యాంకు డబ్బు, నామినీ

ఖాతాకు నామినీగా ఉన్నవాళ్లు డబ్బు తీసుకోగలరు, కానీ అది వాళ్లదైపోదు. వారసులకో, విల్లులో పేరున్నవాళ్లకో చేర్చాల్సిన బాధ్యత వాళ్లది. షేర్ల విషయంలోనూ ఇదేనని 2023 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. నామినీ లేక, వారసుల మధ్య మాట కుదరకపోతే బ్యాంకు సక్సెషన్ సర్టిఫికెట్ అడుగుతుంది. అది సివిల్ కోర్టు ఇస్తుంది, అప్పులకు, డిపాజిట్లకు, షేర్లకు మాత్రమే. భూమికి అది పనికిరాదు.

అన్నదానానికి, ట్రస్టుకు రాసినప్పుడు

తిరుపతిలో ఇది తరచూ వస్తుంది. "కింది అంతస్తు అద్దెతో ఏటా నా తిథినాడు అన్నదానం చేయాలి, మిగిలింది నా కొడుకు అనుభవించాలి" అని రాస్తారు. కొడుకు రెండేళ్లు చేసి మానేస్తాడు. అది మొక్కుబడి మాట కాదు, ఆ అద్దె మీద పడిన బాధ్యత. దాన్ని అమలు చేయమని అడగవచ్చు. కుటుంబంలోని వాళ్ల కోసం పెట్టిన ప్రైవేటు ట్రస్టు అయితే 1882 నాటి ట్రస్టుల చట్టం కింద ధర్మకర్త లెక్కలు రాయాలి, లబ్ధిదారు అడిగితే చూపాలి. చూపకపోతే ఆ ధర్మకర్తను కోర్టు ద్వారా మార్పించవచ్చు. గుడికో, సత్రానికో పూర్తిగా రాసిన ఆస్తి అయితే 1987 నాటి దేవాదాయ చట్టం, ఆ శాఖ వస్తాయి. ముందు లిఖితపూర్వకంగా లెక్కలు అడగండి, నోరు మంచిదైతే చాలాచోట్ల అక్కడే తేలుతుంది.

రాజీ, ఆ తర్వాత

రాజీ మంచిదే. ఒక్క షరతు: అందరి సంతకాలూ ఉండాలి, పెళ్లైన కూతుళ్లవి కూడా. లోక్ అదాలత్‌లో కుదిరిన రాజీ కోర్టు డిక్రీతో సమానం, అప్పీలు లేదు, కట్టిన కోర్టు ఫీజు తిరిగి వస్తుంది. దావా వేయకముందే అక్కడికి వెళ్లొచ్చు కూడా. పెద్దమనుషుల పంచాయితీలో భాగాలు పంచుకుంటే, ఆ కాగితంతోనే పంపకం జరిగితే దానికి రిజిస్ట్రేషన్ కావాలి. ముందే నోటితో పంచుకుని, జ్ఞాపకానికి రాసుకున్న పారీఖత్తుకు అక్కర్లేదు. ఈ తేడా కాగితంలోని క్రియాపదంలో ఉంటుంది: "పంచుకుంటున్నాం" అనా, "పంచుకున్నాం" అనా? లేఖరి చేత రాయించేటప్పుడు నిజంగా జరిగిందే రాయించండి.

రాజీ కాక తీర్పే వస్తే ఒక సంగతి గుర్తుంచుకోండి. భాగపరిష్కార దావాలో మొదట వచ్చేది ప్రిలిమినరీ డిక్రీ. ఎవరికి ఎన్నో వంతో చెబుతుంది, అంతే. గట్టు ఎక్కడ వేయాలో చెప్పదు. దావా గెలిచామని స్వీట్లు పంచి, ఇంటికి వెళ్లి, పదేళ్లకు మళ్లీ వచ్చినవాళ్లు ఉన్నారు. ఫైనల్ డిక్రీ కోసం ఒకప్పుడు విడిగా అర్జీ వేయాల్సి వచ్చేది; కోర్టే తనంతట తాను ముందుకు తీసుకెళ్లాలని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది, అయినా అది వచ్చేదాకా కేసును వదలొద్దు. అప్పుడు అడ్వకేట్ కమిషనర్ సర్వేయరుతో వచ్చి కొలిచి, బావి ఎవరికి, దారి ఎవరికి అని ప్లాను గీస్తారు. ఆయన వచ్చే రోజు మీరు పొలంలో ఉండండి. ప్లాను మీద అభ్యంతరం ఉంటే అది ఖరారు కాకముందే వేయాలి. ఆ డిక్రీ నకలు తీసుకుని తహసీల్దారు దగ్గర పేరు మార్పించుకుని, మీభూమిలో అక్క పేరు, చెల్లి పేరు విడివిడిగా పడ్డాయో లేదో వాళ్లనే చూసుకోమనండి.